‘అభ్రగపతిం బన్నింపఁడు’: పిలవకుండానే వచ్చిన పక్షి

పోతన భాగవతంలో, మొసలికి చిక్కిన గజేంద్రుణ్ణి కాపాడడానికి విష్ణువు బయలుదేరే ‘సిరికిం జెప్పఁడు’ పద్యంలో ‘అభ్రగపతిం బన్నింపఁడు’ అన్న మాట గరుత్మంతుణ్ణి చిన్నబుచ్చుతున్నదా అన్న ప్రశ్నకు, కాదనే నా సమాధానం. అభ్రగములంటే ఆకాశంలో తిరిగే పక్షులు. వాటికి పతి గరుత్మంతుడు. పన్నడమంటే సిద్ధం చేయడం. వల పన్నారని, వ్యూహం పన్నారని నేటికీ అంటూనే ఉన్నాం. కనుక స్వామి అతణ్ణి ప్రయాణానికి సిద్ధం చేయించలేదనే తప్ప, వద్దన్నాడని అర్థం రాదు.

సంస్కృత భాగవతం అష్టమస్కంధంలో విష్ణువు ‘ఛందోమయేన గరుడేన సముహ్యమానః’ అన్నట్టు గరుడునిపైనే వచ్చి, గజేంద్రుని బాధ చూసి చటుక్కున దిగుతాడు. మన బమ్మెర కవి ఆ తొందరను వైకుంఠంలోనే మొదలుపెట్టి, వాహనాన్ని సిద్ధం చేయించకుండానే స్వామిని బయలుదేరదీశాడు. ఇది పోతన సొంత కల్పన, గొప్ప కల్పన.

మా ఓరుగల్లు వైపు ‘సిరికిం జెప్పఁడు’ నోటికి రానివారు అరుదు. అయితే చిన్న వచనం దాటగానే వచ్చే రెండో మత్తేభ పద్యాన్ని కలిపి చదివితేనే గరుత్మంతుని భక్తి తెలుస్తుంది: ‘తనవెంటన్ సిరి, లచ్చివెంట నవరోధవ్రాతమున్, దాని వెన్కను బక్షీంద్రుఁడు, వాని పొంతను ధనుఃకౌమోదకీశంఖచక్రనికాయంబును’. మొదటి పద్యంలో చెప్పని సిరి, పట్టని శంఖచక్రాలు, పిలవని పరివారం, పన్నించని పక్షి, అందరూ ఇక్కడ తమంతట తామే కదిలారు. మోయవలసినవాడు అంతఃపురకాంతల వెనుక నడుస్తున్నాడు. అయినా అలక లేదు, ప్రశ్న లేదు.

హ్యారీ పాటర్ రెండవ నవలలోని ఫాక్స్ అనే ఫీనిక్స్‌తో పిల్లలు గరుత్మంతుణ్ణి పోల్చడం నాకెంతో సంతోషం. ఫాక్స్ యజమాని పట్ల హ్యారీ విశ్వాసం ప్రకటించిన తరువాతనే ఆ పక్షి వచ్చి, పాము కళ్ళు పొడిచి, కన్నీటితో గాయం మాన్పుతుంది. పోతన పక్షీంద్రునికి ఆపాటి మాట కూడా అవసరం కాలేదు. పైగా ‘వాని పొంతను’ అన్న పదాలను గమనించండి: స్వామి చేత పట్టకుండా వచ్చిన చక్రం గరుత్మంతుని పక్కనే వస్తున్నది. కొలను చేరాక మొసలిని ఖండించడానికి ‘కరుణాసింధుఁడు శౌరి’ పంపినది ఆ చక్రాన్నే.