సమస్య: నేలఁ దున్నువాఁడు నింగిఁ దున్నె

నిర్వాహకుడు: మొన్న అల్లుడి కోసం రేణిగుంట ఎయిర్‌పోర్టులో రెండు గంటలు పడిగాపులు కాశాను. ఏ విమానమో చెప్పను, గొడవలెందుకు. గరుడ టెర్మినల్ బయట కాఫీ తాగుతుంటే దూరంగా ఎవరో చేను దున్నుతున్నారు, పైన ఆకాశంలో తెల్లటి చాలు గీసుకుంటూ ఒక విమానం పోతోంది. అప్పుడు తట్టిన పాదం ఇది. విమాన సంస్థలు నడిపిన మంచి సారథుల మీద పూరించండి. బలరాముడితో సరిపెట్టేయకండి, హలం అనగానే అందరూ అటే పరుగెడతారు.

పుత్తూరు మాస్టారు: పేరు చెప్పను, మీరే పోల్చుకోండి.

పట్టుపురుగుఁ బెంచి పంట పండించిన
సేన విడిచినట్టి సేద్యకాఁడు
ఒక్క రూక కిచ్చి యూరికి రెక్కలు
నేలఁ దున్నువాఁడు నింగిఁ దున్నె!

అరసున్న: కెప్టెన్ గోపీనాథ్! మిలిటరీ నుంచి వచ్చి, కర్ణాటకలో గొరూరు దగ్గర పొలం చేసి, 2003లో ఎయిర్ డెక్కన్ పెట్టినాయన. మా పెద్దాడు ఆ రూపాయి టికెట్ కోసం రాత్రంతా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. దొరకలేదనుకోండి. 'ఊరికి రెక్కలు' చాలా బాగుంది మాస్టారూ. పెద్ద జెట్‌లు దిగలేని చిన్న ఊళ్ళకు ఆయన ఏటీఆర్ అనే చిన్న విమానాలు వేశాడు కదా, ఆ మాట సరిగ్గా అతికింది.

కోనేటిగట్టు: భావం బాగుంది. కానీ మాస్టారూ, 'సేద్యకాఁడు ఒక్క' ఏమిటండీ? ఉత్తుకు అచ్చు పరమైతే సంధి నిత్యమని బడిపిల్లలకు బెత్తం పట్టుకుని చెప్పేది మీరే కదా! సంధి చేస్తే 'డు' కింది పాదంలోకి జారిపోయి గణం కుంటుతుంది. మీ బెత్తం ఇటొకసారి ఇస్తారా?

పుత్తూరు మాస్టారు: పాదాంతంలో విరామం ఉంది నాయనా. ముందు నీ పూరణ పెట్టు, చూద్దాం.

కోనేటిగట్టు: పెడుతున్నా. ఉత్వసంధి చేస్తే ఎంత లాభమో కూడా చూడండి.

కలిమి యింటఁ బుట్టి కష్టమ్ము కోరుచు
నుత్తరాలు మోసె నొంటరిగను;
మడకఁ బట్టలేదు, మహరాజు గుర్తు, తా
నేల దున్ను? వాఁడు నింగిఁ దున్నె!

మదనపల్లె టమోటా: అబ్బబ్బా! తాను + ఏల! నేలే మాయమైపోయింది కదప్పా! మహరాజు గుర్తంటే ఎయిర్ ఇండియా, అంటే జేఆర్‌డీ టాటాయే కదా? 1932 అక్టోబరు 15న కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా బొంబాయికి టపా సంచులు వేసుకుని ఒక్కడే నడుపుకొచ్చాడు. ఆ బుల్లి విమానం పేరు పుస్ మాత్. పైగా మన 'మడక'ను పద్యంలోకి ఎక్కించావు. కోస్తా వాళ్ళు నాగలి అనుకుంటూ కూర్చోవాల్సిందే.

పుత్తూరు మాస్టారు: చప్పట్లు అయ్యాయా? ఇచ్చిన పాదంలో 'నేలఁ' అని అరసున్న ఉంది. 'ఏల' అనే ప్రశ్నకు అరసున్న ఎక్కడిది? తనకు అడ్డొచ్చిందని మెల్లగా మింగేశాడు. 'నింగిఁ' దగ్గర మాత్రం ఉంచుకున్నాడు. సమస్య పాదాన్ని దిద్దుకోవచ్చంటే నేనూ రోజుకు వంద పూరిస్తాను.

అరసున్న: నా పేరు పెట్టుకుని కొట్టుకోకండి.

కోనేటిగట్టు: మాస్టారూ, మొన్న మామిడి సమస్యలో మీరు తోతాపురికి యతి కుదిరిందని 'తోట' వేశారు. అది 'తోఁట'. ఆ అరసున్న ఎవరు మింగారు? నేను పల్లెత్తు మాటన్నానా?

పుత్తూరు మాస్టారు: అది నా సొంత పాదం. ఇది నిర్వాహకులు ఇచ్చిన పాదం. తేడా తెలియదా?

చంద్రగిరి కోట: మంచి సారథులన్నారు కదా. గోపీనాథ్ సంస్థ చివరికి ఏమైంది? 2007లో వాటా కింగ్‌ఫిషర్‌కు పోయింది, మరుసటి ఏడు డెక్కన్ పేరే లేకుండా పోయింది. పంట వేసినవాడు కోత దాకా ఉండాలి కదా?

మదనపల్లె టమోటా: అలాగైతే జేఆర్‌డీనీ 1978లో ఎయిర్ ఇండియా ఛైర్మన్ కుర్చీలోంచి దింపేశారు. ఆయన అలిగి కూర్చోలేదు. 1982లో, 78 ఏళ్ళ వయసులో, అదే కరాచీ-బొంబాయి దారిలో మళ్ళీ లెపర్డ్ మాత్ అనే బుల్లి విమానం నడిపాడు. నాకైతే విమానాల వాళ్ళలో అంతకంటే పెద్దమనిషి కనపడడు. కోనేటిగట్టు అన్నా, నీ పద్యంలో ఆ ముసలితనపు ప్రయాణం ఉండి ఉంటే ఇంకా బాగుండేది. ఉత్తరాలు మోసింది అందరికీ తెలిసిందే.

చంద్రగిరి కోట: నాకు అమెరికా సౌత్‌వెస్ట్ విమాన సంస్థ నడిపిన హెర్బ్ కెల్లెహర్ ఇష్టం. ఒక నినాదం మీద ఇంకో కంపెనీతో తగాదా వస్తే కోర్టుకు పోకుండా 1992లో డల్లాస్‌లో జనం ముందు చేతిపందెం ఆడాడు. ఓడిపోయాడు కూడా. అయినా అవతలి వాళ్ళు నినాదం వాడుకోనిచ్చారు. పద్యం రాద్దామంటే 'కెల్లెహర్' ఏ గణంలోనూ కూర్చోనంటున్నాడు.

రేణిగుంట జంక్షన్: సారథుల సంగతి నాకు తెలీదు, ఎక్కేవాళ్ళ సంగతి తెలుసు.

రేణిగుంట చేని రెడ్డి మామయ్యకు
గాలిమోటరెక్కఁ గలిగె నేఁడు
కిటికి పక్కఁ జేరి కేకేసె నత్తతో
"నేలఁ దున్నువాఁడు నింగిఁ దున్నె!"

అరసున్న: గాలిమోటరు! మా అవ్వ నోట విన్న మాట. నాకు అన్నిటికంటే ఇదే నచ్చింది.

పుత్తూరు మాస్టారు: అత్త పక్క సీటులోనే ఉంటే కేక ఎందుకు వేయాలి?

రేణిగుంట జంక్షన్: మా మామ గొంతే అంత మాస్టారూ. పొలం గట్టు మీది గొంతు. దానికి తోడు ఏటీఆర్ రెక్క పక్కన సీటు.

నిర్వాహకుడు: విషయం దాటినా జంక్షన్ పూరణ ఉంచుతున్నాను. 'తానేల' విరుపు చెల్లుతుంది, చెవికి తేడా లేదు కనుక. అరసున్న పోయినందుకు మాత్రం అర మార్కు కోత. మాస్టారూ, మీ పద్యంలో 'సేద్యకాఁడె / యొక్క రూక' అంటే సంధి గొడవ పోతుంది, యతీ చెడదు. ఒక్క అక్షరం పని.

పుత్తూరు మాస్టారు: దిద్దాను. ఇంతకీ తోట విషయంలో...

నిర్వాహకుడు: మామిడి గొడవ మామిడి సమస్య కిందే పెట్టుకోండి.

కోనేటిగట్టు: అక్కడ తాళం వేసింది మీరే కదండీ?