వెంకటేశ్ అడిగింది ఈ రోజైనా ఇవ్వగలమా? కారుణ్య మరణం, వ్యక్తి స్వేచ్ఛ గురించి ఒక ప్రశ్న

మాధవి (గుంటూరు):

అందరికీ నమస్కారం. నేను డిగ్రీ విద్యార్థులకు రాజనీతి శాస్త్రం బోధిస్తాను. రాజ్యాంగంలో జీవించే హక్కునిచ్చే 21వ అధికరణం పాఠానికి వచ్చినప్పుడల్లా హైదరాబాద్‌కు చెందిన చదరంగ క్రీడాకారుడు వెంకటేశ్ ప్రస్తావన తెస్తాను. ఈసారి ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్నను ఇక్కడి పెద్దల ముందు ఉంచాలనిపించింది.

తెలియని వారి కోసం ఆ సంగతి క్లుప్తంగా చెబుతాను. వెంకటేశ్‌కు డుషెన్ మస్క్యులర్ డిస్ట్రఫీ ఉండేది. ఎక్కువగా మగపిల్లలకు వచ్చే ఈ జన్యు వ్యాధిలో మొదట నడక పోతుంది, తరువాత చేతుల కదలిక తగ్గుతుంది, చివరకు ఊపిరి ఆడించే కండరాలు, గుండె కండరం కూడా నీరసించిపోతాయి. 2004 డిసెంబరులో, ఇరవై అయిదేళ్ల వయసులో ఆసుపత్రిలో ఉన్న ఆయన కోరింది ఒక్కటే: ఇన్‌ఫెక్షన్ సోకి తన అవయవాలు ఎవరికీ పనికిరాకుండా పోకముందే తనను వెళ్లనిచ్చి, వాటిని అవసరమైన వారికి అమర్చాలని. తల్లి సుజాత గారు కొడుకు కోరిక తీర్చడానికి ఆంధ్రప్రదేశ్ హైకోర్టును ఆశ్రయించారు. కారుణ్య మరణానికి చట్టంలో చోటు లేదు. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం కూడా బ్రెయిన్ డెత్ నిర్ధారణకు ముందు అలాంటి అవయవాల సేకరణను ఒప్పుకోదు. కోర్టు అనుమతించలేదు. ఆ నెలలోనే వెంకటేశ్ కన్నుమూశారు.

గౌరవంగా మరణించే హక్కును 2018లో సుప్రీంకోర్టు గుర్తించింది కాబట్టి, వెంకటేశ్ ఈ రోజు అడిగితే ఇస్తారా అని మా విద్యార్థిని అడిగింది. ఇవ్వరని చెప్పాను. వెంటనే, "వెంటిలేటర్ వద్దనే హక్కు నాకు ఉన్నప్పుడు, బాధ లేకుండా పోవడానికి డాక్టరు సాయం అడిగే హక్కు ఎందుకు ఉండదు మేడమ్? రెండు చోట్లా నిర్ణయం నాదే కదా?" అంది.

ఆ వాదనలో నాకు బలం కనిపిస్తోంది. ఆపరేషన్‌కైనా, మత్తు ఇవ్వడానికైనా రోగి సంతకం లేనిదే ముందుకు వెళ్లని వైద్యం, ఆఖరి దశకు వచ్చేసరికి ఆ మనిషి మాటను ఎందుకు పక్కన పెట్టాలి? అదే సమయంలో, మంచాన పడిన వారు ఇంటికి భారమయ్యామని కుమిలిపోయే మన కుటుంబాల్లో ఈ హక్కు ఏ రూపం తీసుకుంటుందోనన్న భయమూ ఉంది. భీష్ముడి ఇచ్ఛామరణాన్నో పరీక్షిత్తు ప్రాయోపవేశాన్నో చూపి మన సంప్రదాయం ఎప్పుడో ఒప్పుకుందనడం నాకు సరిపోదు. ఐసీయూ ఖర్చుకు అప్పు వెతుక్కునే కుటుంబం ఆ కథల్లో లేదు. చట్టం, వైద్యం తెలిసినవారు, ఈ బాధను దగ్గరగా చూసినవారు మీ అభిప్రాయం చెప్పగలరు.

శ్రీనివాసరావు (న్యాయవాది, విజయవాడ):

మాధవి గారూ, మీరు చెప్పిన జవాబు చట్టరీత్యా సరైనదే. అది ఎక్కడ నుంచి వచ్చిందో మాత్రం మీ విద్యార్థినికి వివరంగా చెప్పాలి.

ఈ వివాదంతో మన హైకోర్టుకు వెంకటేశ్ కంటే ముందు నుంచే సంబంధం ఉంది. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా పరిగణించిన పాత ఐపీసీ (భారత శిక్షాస్మృతి) 309వ సెక్షన్ చెల్లదని 1980ల ద్వితీయార్ధంలో బొంబాయి హైకోర్టు అంటే, దాదాపు అదే కాలంలో చెన్నా జగదీశ్వర్ కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెల్లుతుందని చెప్పింది. 1994లో పి. రత్తినం కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టివేసింది. రెండేళ్లు తిరగకుండానే జ్ఞాన్ కౌర్ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని నిలబెట్టి, జీవించే హక్కులో మరణించే హక్కు లేదని తేల్చింది. అయితే మరణం ఎలాగూ ఆరంభమైన మనిషి విషయంలో ఆ ప్రక్రియ గౌరవంగా ముగియడం వేరే సంగతి అని అదే తీర్పులో ఒక మాట ఉంది. తరువాత వచ్చినవన్నీ ఆ మాట ఆసరాతో వచ్చినవే.

ముంబయి కేఈఎం ఆసుపత్రి నర్సు అరుణా షాన్‌బాగ్ 1973లో జరిగిన దాడి తరువాత దశాబ్దాల పాటు అదే ఆసుపత్రిలో అచేతనంగా ఉండిపోయారు. ఆమె తరఫున రచయిత్రి పింకీ విరానీ వేసిన పిటిషన్‌ను 2011లో సుప్రీంకోర్టు తిరస్కరించింది, కానీ పాసివ్ యుథనేషియాకు, అంటే ప్రాణాధార చికిత్సను ఆపడానికి, హైకోర్టు అనుమతితో తలుపు తెరిచింది. ఇక్కడ నేను ఎప్పుడూ ఆగి ఆలోచించే విషయం ఒకటి ఉంది. ఆమెను అన్నేళ్లు ఒళ్లు తుడిచి, తినిపించి చూసుకున్న నర్సులే ఆ పిటిషన్‌ను గట్టిగా వ్యతిరేకించారు. అరుణ తన మనసులో మాట చెప్పగల స్థితిలో లేరు కాబట్టి, ఎవరి మాట ఆమె మాటగా చెల్లాలన్నదే అక్కడి అసలు వివాదం. ఆమె 2015లో న్యుమోనియాతో మరణించారు.

2018 మార్చి 9న కామన్ కాజ్ అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో వచ్చిన తీర్పు లివింగ్ విల్‌ను, అంటే ఆఖరి దశలో తనకు ఏ చికిత్స వద్దో మనిషి ముందుగానే రాసిపెట్టుకునే పత్రాన్ని, గుర్తించింది. అందులో పెట్టిన షరతులు అమలుకు వీలుకానంత కఠినంగా ఉండడంతో 2023 జనవరిలో వాటిని సడలించారు. పద్దెనిమిదేళ్లు నిండి, మానసికంగా స్వస్థతతో ఉన్నవారు ఎవరైనా ఇద్దరు సాక్షుల సమక్షంలో రాసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి చేత ధ్రువీకరింపజేయవచ్చు. మునుపటిలా మేజిస్ట్రేట్ సంతకం అక్కర్లేదు. తాము మాట్లాడలేని స్థితి వస్తే ఎవరు నిర్ణయం చెప్పాలో అందులో పేర్లు రాయాలి. ఆ సమయం వచ్చినప్పుడు ఆసుపత్రిలో రెండు వైద్య బోర్డులు ఒకదాని తరువాత ఒకటి పరిశీలిస్తాయి.

ఇవన్నీ చికిత్సను ఆపడానికి సంబంధించినవి. ప్రాణం తీసే మందు ఇవ్వడం ఈ రోజుకీ నేరమే. ఆత్మహత్యకు తోడ్పడితే, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 108వ సెక్షన్ కింద పదేళ్ల వరకు శిక్ష పడవచ్చు. వెంటిలేటర్ తీసినప్పుడు మనిషిని తీసుకుపోయేది వ్యాధి, మందు ఇచ్చినప్పుడు తీసుకుపోయేది మనిషి చెయ్యి అన్నది చట్టం గీసిన గీత. ఆ గీత అవసరమని నా అభిప్రాయం. ఒక ప్రాణాన్ని ముగించే అధికారాన్ని, ఎంత సదుద్దేశంతోనైనా, ఇంకొకరి చేతికి ఇస్తే, దాన్ని అదుపులో ఉంచగల యంత్రాంగం మనకు లేదు.

పద్మజ (పాలియేటివ్ కేర్ వైద్యురాలు, హైదరాబాద్):

చర్చ కోర్టుల చుట్టూ తిరుగుతోంది కాబట్టి వార్డు సంగతి నేను చెబుతాను. నయం కాని జబ్బులున్నవారికి నొప్పి, బాధ తగ్గించే వైద్యమే మా పాలియేటివ్ కేర్.

"అమ్మా, నన్ను పంపించెయ్యండి" అనే మాట మేము తరచుగా వింటాం. ఆ మాట విన్నప్పుడు కాదనడమూ తప్పే, వెంటనే ఔననడమూ తప్పే. ఇంటికి వెళ్లి చూసేటప్పుడు మా నర్సు ముందుగా ఇంట్లో వాళ్లను కాసేపు వసారాలో కూర్చోమని, మంచం పక్కన స్టూలు లాక్కుని ఆ మనిషితో ఒంటరిగా మాట్లాడుతుంది. నోటి క్యాన్సర్ ఉన్న ఒక రైతు కొడుకు ఎదుట ఉన్నంతసేపూ చచ్చిపోవాలని ఉందనే అన్నాడు. కొడుకు బయటికి వెళ్లాక, తన వైద్యం కోసం ఒక ఎకరం అమ్మేశారనీ, రెండో ఎకరానికి బేరం నడుస్తోందనీ, అది అమ్మకముందే తాను పోవాలనీ చెప్పాడు. నొప్పికి అప్పటిదాకా ఆయనకు అందింది పారాసెటమాల్ మాత్రమే. మార్ఫిన్ మాత్రలు నాలుగు గంటలకు ఒకటి చొప్పున మొదలుపెట్టి, పనికిరాని కీమో ఆపించి, ఇక ఖర్చు పెట్టవలసింది లేదని కొడుకుకు ఆయన ఎదుటే వివరించాం. ఆ తరువాత ఆయన మళ్లీ ఆ మాట అనలేదు. తన ఇంట్లోనే పోయాడు.

అందరి కథా ఇలాగే ముగుస్తుందని నేను అనను. నొప్పి పూర్తిగా అదుపులో ఉన్నా, ప్రతి పనికీ ఇంకొకరి మీద ఆధారపడే బతుకు తనకు వద్దని స్థిరంగా చెప్పినవారిని కూడా చూశాను. వారి మాటను వట్టి దిగులని కొట్టిపారేయడం అన్యాయం. కానీ మన దేశంలో వారికంటే ఆ రైతు లాంటివారే ఎక్కువ. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టానికి భయపడి ఆసుపత్రులు మార్ఫిన్ నిల్వ ఉంచడమే మానేశాయి. 2014లో చట్టాన్ని సవరించి లైసెన్సుల చిక్కు తగ్గించినా, చాలా చోట్ల డాక్టర్లకు అది రాసే అలవాటే లేదు. కేరళ 2008లోనే పాలియేటివ్ కేర్‌కు విధానం ప్రకటించి, ఊరూరా ఇంటి దగ్గర సేవలు అల్లుకుంది. తెలంగాణలో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, జిల్లాల్లోని పాలియేటివ్ కేంద్రాలు, చివరి దశ రోగులను చూసుకునే స్పర్శ్ హాస్పిస్ వంటివి పనిచేస్తున్నాయి. అవసరం వీటి శక్తికి ఎన్నో రెట్లు ఉంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. మన ఆసుపత్రుల్లో చికిత్స ఆపే నిర్ణయం రోజూ జరుగుతూనే ఉంది. డబ్బు అయిపోయాక, "మా ఇష్టప్రకారం తీసుకెళ్తున్నాం" అన్న కాగితం మీద సంతకం పెట్టించుకుని, నొప్పికి ఒక్క మందు చేతిలో పెట్టకుండా, అంబులెన్సులో గొట్టాలతోనే ఇంటికి పంపేస్తారు. దీన్ని ఎవరూ కారుణ్య మరణం అనరు, ఏ బోర్డూ పరిశీలించదు. స్వేచ్ఛ గురించి మాట్లాడేవారు మొదట ఈ కాగితాన్ని చూడాలని నా విన్నపం.

కిరణ్ (ఒంగోలు):

నాకు మస్క్యులర్ డిస్ట్రఫీ ఉంది. వెంకటేశ్‌కు ఉన్న రకం కాదు, మెల్లగా ముదిరే రకం. పదేళ్లకు పైగా చక్రాల కుర్చీలో ఉన్నాను, రాత్రిళ్లు ఊపిరికి సాయపడే బైపాప్ యంత్రం మాస్క్ పెట్టుకుని పడుకుంటాను, పగలు ఇంటి నుంచే అకౌంట్స్ పని చేసుకుంటాను.

వెంకటేశ్ గురించి పత్రికల్లో చదివినవారు అప్పట్లో మా అమ్మ దగ్గరకు వచ్చి, "మీ వాడిదీ అదే జబ్బా" అని జాలిపడి వెళ్లేవారు. ఆ జాలిలో, ఇలాంటి బతుకు కంటే చావే మేలన్న తీర్పు ఉంటుంది. కారుణ్య మరణాన్ని వికలాంగుల సంఘాలు అనేక దేశాల్లో వ్యతిరేకించడానికి కారణం ఇదే. మామూలు మనిషి చచ్చిపోతానంటే ఆపడానికి అందరూ పరుగెత్తుతారు, నాలాంటివాడు అంటే అర్థం చేసుకోదగిన కోరిక అంటారు. ఈ తేడా నన్ను చాలా బాధపెడుతుంది.

నేను బతకడానికి ఏమి కావాలో ఎవరూ ఇంత శ్రద్ధగా చర్చించరు. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ కోసం నన్ను ఎత్తుకుని మెట్లు ఎక్కించారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మంచానికే పరిమితమైన తీవ్ర మస్క్యులర్ డిస్ట్రఫీ బాధితులకు నెలకు 15,000 రూపాయల పింఛను ఇచ్చినప్పుడు, ఒక సహాయకుడిని పెట్టుకోవచ్చన్న ధైర్యం మాలో కొందరికి మొదటిసారి కలిగింది. రాత్రి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పడానికి మనిషి ఉన్నవాడు, లేనివాడు ఒకే ప్రశ్నకు ఒకే జవాబు చెప్పరు.

సునీత (నర్సు, ఆంటారియో, కెనడా):

నేను పనిచేసే దేశంలో డాక్టరు సాయంతో మరణించడానికి చట్టం ఉంది కాబట్టి కొన్ని విషయాలు చెప్పగలను.

కార్టర్ కేసులో 2015లో కెనడా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఇచ్చిన తీర్పు ఆధారంగా 2016 జూన్‌లో చట్టం వచ్చింది. మొదట మరణం సమీపంలో ఉన్నవారికే వర్తించేది. 2021లో ఆ షరతు తీసేశారు. మరణం సమీపంలో లేనివారి విషయంలో పరిశీలనకు కనీసం 90 రోజులు పట్టాలి. మానసిక వ్యాధి ఒక్కటే కారణంగా ఉన్నవారికి ఇవ్వాలా అన్నది 2027 మార్చి వరకు వాయిదా పడింది. 2023లో 15 వేలకు పైగా మనుషులు ఈ మార్గంలో వెళ్లారు, ఆ ఏడాది మరణాల్లో అది 4.7 శాతం. వారిలో అత్యధికులు క్యాన్సర్ వంటి వ్యాధులతో మరణానికి దగ్గరైనవారే.

మా వార్డులో ఒకాయన తన చివరి రోజును తానే ఎంచుకుని, పిల్లలందరినీ పిలిపించుకుని, ఒక్కొక్కరితో మాట్లాడి వెళ్లాడు. ఆ గదిలో క్రూరత్వం ఏదీ నాకు కనిపించలేదు. శ్రీనివాసరావు గారు గీసిన గీత అక్కడ నాకు చాలా పలచగా అనిపించింది. అయినా 2021 సవరణ నాకు కలవరం కలిగిస్తుంది. సరైన ఇల్లు, సహాయకులు దొరకక ఈ దారి ఎంచుకుంటున్నారన్న ఆందోళన ఇక్కడి వికలాంగుల సంఘాల్లో బలంగా ఉంది, కిరణ్ గారు చెప్పిందీ అదే. అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రం 1997 నుంచి ఆరు నెలల్లోపు మరణం ఖాయమైనవారికే, అదీ స్వయంగా మందు తీసుకోగలవారికే ఈ వీలు ఇస్తోంది. మందు తెచ్చుకున్నవారిలో చాలామంది దాన్ని వాడకుండానే సహజంగా కన్నుమూస్తారు. చేతిలో ఆ అవకాశం ఉందన్న నిబ్బరమే వారికి చాలు. నన్ను అడిగితే ఓరెగాన్ హద్దు దగ్గరే ఆగమంటాను.

మాధవి (గుంటూరు):

ఇంత ఓపికగా రాసిన మీ అందరికీ కృతజ్ఞతలు. శ్రీనివాసరావు గారూ, ఒక్క సందేహం మిగిలింది. వెంటిలేటర్ మీద స్పృహతో ఉన్న మనిషి దాన్ని తీయమంటే, బాధ తెలియకుండా మందు ఇచ్చి డాక్టరు తీస్తారు. అక్కడా మనిషి చెయ్యి ఉంది కదా. అదృష్టవశాత్తో దురదృష్టవశాత్తో యంత్రం మీద ఉన్నవాడికి విముక్తి దొరికి, అదే వ్యాధితో యంత్రం లేకుండా నరకం పడేవాడికి దొరకకపోవడం సమానత్వమేనా? పద్మజ గారు చెప్పిన వసతులన్నీ ముందు రావాలని ఒప్పుకుంటాను. అవి వచ్చేదాకా ఈ మనిషిని ఆగమనే నైతిక అధికారం మనకు ఎక్కడిది అన్నదే నా బాధ.

శ్రీనివాసరావు (న్యాయవాది, విజయవాడ):

మీరు చెప్పిన అసమానత నిజమే, దానికి చట్టంలో జవాబు లేదు. అయినా ఒంటి మీదికి వచ్చే చికిత్సను కాదనడం రోగి దేహానికి సంబంధించిన హక్కు. చంపమని అడగడంలో డాక్టరు మీద ఒక విధిని మోపడం ఉంది. రెండోది ఇవ్వాలంటే పార్లమెంటు చట్టం చేయాలి, న్యాయస్థానం కాదు. ఈలోగా ఉన్న హక్కునైనా వాడుకోండి. లివింగ్ విల్ ప్రతిని స్వీకరించే అధికారిని నియమించమని మీ పురపాలక సంఘానికి ఒక అర్జీ పెట్టండి, చాలా చోట్ల ఆ అధికారి ఎవరో కార్యాలయంలో అడిగినా చెప్పలేరు.

కిరణ్ (ఒంగోలు):

మాధవి గారూ, మీరు అడిగిన అధికారం మనకు లేదనే నేనూ అనుకుంటున్నాను. వెంకటేశ్ లాంటివారు ఈ రోజు అడిగితే, న్యాయమూర్తే ఆసుపత్రికి వచ్చి, కుటుంబం లేకుండా ఆయనతో మాట్లాడాలి. నొప్పికి సరైన మందు అందిందా, ఊపిరికి యంత్రం ఇచ్చి చూశారా, చూసుకునే మనిషి ఉన్నాడా, ఖర్చు ఎవరు పెడుతున్నారు అని అడగాలి. లేనిది ఏదైనా ఉంటే ప్రభుత్వం చేత ఇప్పించి, మళ్లీ వచ్చి అడగాలి. అప్పటికీ ఆయన మాట మారకపోతే, ఆయన కోరికకు నేను అడ్డు చెప్పను. అలాంటి వ్యాధి ఉన్నవాడిగా చెబుతున్నాను, ఇంకెవరి తరఫునా కాదు.