సమస్యాపూరణం: "ఒకటి నొకటి గలుప నొదవె సున్న"

నిర్వాహకుడు, శ్రీకాకుళం:
ఈ వారం సమస్య, అంటే ముందు మూడు పాదాలు రాసి మీరు పూరించాల్సిన ఈ చివరి పాదం, మా ఇంట్లోనే పుట్టింది. ఊళ్లో అవధానం పెట్టుకుందామని చందాలు పోగుచేస్తున్నాం. నూటపదహార్లు, ఐదువందల పదహార్లు, వెయ్యినూటపదహార్లు ఇలా వాట్సాప్‌లో వచ్చినవాటిని వచ్చినట్టే ఎక్సెల్ షీటులో అతికించుకుంటూ పోయాను. అడుగున సమ్ ఫార్ములా కొడితే సున్నా వచ్చింది. నలుగురూ నమ్మి ఇచ్చిన డబ్బు లెక్క అది. ఆ రాత్రంతా టెన్షన్. తెల్లారి మా మేనల్లుడు చూసి, "మావయ్యా, ఇవి అంకెల్లా కనిపిస్తున్నాయి గానీ, కంప్యూటర్‌కి అక్షరాలే" అన్నాడు. ఆ మాట దగ్గరే సమస్య తట్టింది.

ఛందస్సు ఆటవెలది. పాదం అచ్చుతో మొదలవుతోంది కాబట్టి మూడో పాదం చివరి మాటతో సంధి కుదిరితే "నొకటి" అనో "యొకటి" అనో మార్చుకోండి. పూరణ మాత్రం షీటు లెక్కలోంచే రావాలి.

బొబ్బిలి మాస్టారు:

అంకెలాగ తోచు నక్షరమ్మే యది
గడిని నెడమవైపు కదలకుండు
మొత్తమడుగ సమ్ము మూగయైపోవగ
నొకటి నొకటి గలుప నొదవె సున్న

ఆమదాలవలస సోదరి:
మాస్టారూ, "మూగయైపోవగ" చాలా బాగుంది. తప్పు అని చెప్పదు, ఎర్ర గుర్తు చూపదు, ఆ గడులను పట్టించుకోకుండా దాటిపోతుంది. సమ్ చేసేది సరిగ్గా అదే. "ఎడమవైపు" అన్నది కూడా గుర్తు పట్టడానికి పనికొస్తుంది. మనం ఏమీ మార్చకపోతే సంఖ్య గడిలో కుడివైపు నిలుస్తుంది, అక్షరం ఎడమవైపు. కానీ ఎవరైనా అందంగా ఉంటుందని అన్నింటినీ మధ్యకు జరిపేస్తే ఆ ఆనవాలు పోతుంది. అప్పుడు గడి ఎడమ పై మూలన ఎక్సెల్ హెచ్చరికగా పెట్టే చిన్న ఆకుపచ్చ ముక్కే దిక్కు.

చీపురుపల్లి తమ్ముడు:
నాకు సమస్యలోనే ఒక పట్టింపు ఉంది. ఇలాంటి రెండు గడులను మధ్యలో ప్లస్ గుర్తు పెట్టి కలిపి చూశాను. రెండే వచ్చింది, సున్నా రాలేదు! ప్లస్ గుర్తు ఆ అక్షరాన్ని తనే సంఖ్యగా మార్చుకుని కలుపుతుంది. సమ్‌కి గడుల వరుస చూపిస్తే మాత్రం అక్షరాలను వదిలేస్తుంది. అందుకని "గలుప" అన్న మాటకు దేనితో కలిపారో పద్యంలో చెప్పకపోతే పూరణ నిలవదని నా అభిప్రాయం.

నిర్వాహకుడు:
బాబూ, మంచి పట్టు పట్టావు. ఇంతకుముందు ఒకరు నాకు విడిగా మెసేజ్ పెట్టారు, పద్యంలో "సమ్ము" వినడానికి బాగాలేదు, "కూడిక" అంటే పోయేది కదా అని. గిడుగు రామమూర్తి పంతులు గారు పుట్టిన పర్వతాలపేట మన ముఖలింగం పక్కనే. ఆయన పోరాడింది వచనంలో వాడుకభాష కోసం, పద్యం సంగతి వేరు. అయినా వాడుకమాటను తోసిపుచ్చడానికి నాకు మనసు రాదు. ఇక్కడైతే అర్థమే ఆ మాట మీద ఆధారపడి ఉంది. కూడిక అంటే రెండు వస్తుంది, సమ్ము అంటేనే సున్న. మాస్టారి పద్యం అలాగే ఉండాలి.

పలాస అక్క:
మాది జీడిపప్పు వ్యాపారం, లెక్కలు నేనే చూస్తాను. నాకు జరిగిందే రాశాను.

ముందు చిన్న కొమ్ము ముసుగువేసిన యంకె
పైకి కానరాదు, పలుక దెపుడు
జీడిపప్పు లెక్క చెడిపోయె నీరీతి
నొకటి నొకటి గలుప నొదవె సున్న

బొబ్బిలి మాస్టారు:
అమ్మా, కొమ్ము అంటే అంకె ముందు పడే అపాస్ట్రఫీ కదా. అది గడిలో కనబడదు, పైనున్న ఫార్ములా పట్టీలోనే కనబడుతుంది. మీ అన్వయంలో కానరానిది అంకె అయిపోయింది. అంకె కనబడుతూనే ఉంటుంది తల్లీ, కనబడనిది కొమ్ము. మొదటి పాదం సవరించండి. జీ-చె యతి చక్కగా పడింది.

పలాస అక్క:
నిజమే మాస్టారూ. "ముందు చిన్న కొమ్ము, ముసుగైన దంకెకు" అంటే సరిపోతుందా? తమ్ముడి ప్రశ్నకు జవాబు: నేను వాడింది సమ్మే. బస్తాల తూకం ఒక వరుస మొత్తం.

బొబ్బిలి మాస్టారు:
సరిపోయింది. ఇప్పుడు కానరానిదీ పలకనిదీ కొమ్మే.

నిర్వాహకుడు:
మరొకరు "అప్పు నొకటి యుండ నాస్తిగా నొకటుండ" అని ఎత్తుకున్నారు. యతి బాగుంది. కానీ అప్పుకి ముందు మైనస్ ఉంటుంది, అది ఒకటీ ఒకటీ కలిపినట్టు కాదు. సమస్యను పక్కకు తప్పించినట్టయింది.

ఆమదాలవలస సోదరి:
జబ్బు అందరూ చెప్పారు, నేను మందు చెబుతాను.

ఒకటితోడ హెచ్చ నొప్పును సంఖ్యగా
మరల మొత్తమడుగ మాట వినును
మందు పడనినాడు మన గడిలో జూడ
నొకటి నొకటి గలుప నొదవె సున్న

ఖాళీ గడిలో 1 వేసి కాపీ చేసి, పాడైన గడులన్నీ ఎంచుకుని, పేస్ట్ స్పెషల్‌లో మల్టిప్లై నొక్కాలి. డేటా మెనూలో టెక్స్ట్ టు కాలమ్స్ తెరిచి నేరుగా ఫినిష్ నొక్కినా ఒక వరుస మారిపోతుంది. చాలామంది ఫార్మాట్ ఒక్కటే నెంబర్ అని మార్చి ఊరుకుంటారు. దానివల్ల లోపలున్నది మారదు.

చీపురుపల్లి తమ్ముడు:
అక్కా, మందు పనిచేయని గడులూ ఉన్నాయి. మనవాళ్లు అలవాటుగా "1116/-" అని రాస్తారు. ఆ గీతలున్నంత వరకూ అలా ఒకటితో గుణించినా అది అక్షరంగానే ఉండిపోతుంది. ముందు రీప్లేస్‌తో వాటిని తీసెయ్యాలి. వెబ్ పేజీలోంచి తెచ్చిన అంకెల చివర ఒక్కోసారి కంటికి కనబడని ఒక ఖాళీ ఉంటుంది, దాని కోడ్ 160. ట్రిమ్ ఫార్ములా మామూలు ఖాళీని తీస్తుంది గానీ దీన్ని ముట్టదు. దీనికి సబ్‌స్టిట్యూట్ ఫార్ములా వాడాలి. పద్యానికి వంక పెట్టడం లేదు, రెండో పాదంలో "మాట వినును" నాకు బాగా నచ్చింది.

నరసన్నపేట పెద్దాయన:
ఇప్పటిదాకా అందరూ సున్నాని తప్పుగానే చూశారు. నేను బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ని, నాకు అది ఒప్పుగా కనిపించిన చోటు ఒకటుంది.

ఫోను నెంబరులను పోగుచేతురె యెందు
పేరువంటి దంకె పిలుచుకొనగ
తెలిసి యక్షరముగ దిద్దియుంచిన గడి
నొకటి నొకటి గలుప నొదవె సున్న

ఖాతా నెంబర్లూ అంతే. ఎక్సెల్ సంఖ్యలో 15 అంకెల వరకే నిలుపుకుంటుంది, ఆపైవి సున్నాలవుతాయి. ఖాతా నెంబరు ముందున్న సున్నాలైతే మొదటే పోతాయి. అలాంటి వరుసకు మొత్తం సున్నా రావడమే క్షేమం.

బొబ్బిలి మాస్టారు:
"పిలుచుకొనగ" అన్నచోట ఆగిపోయానండీ. పేరునీ పిలుస్తాం, ఫోనునీ పిలుస్తాం. మూడో పాదం చివర "గడిన్" అని సప్తమి తెచ్చి సంధి కలపడం కూడా బరువుగా లేదు. నా పూరణ కంటే ఇదే మిన్న.

నిర్వాహకుడు:
ఈ వారం మేలిపూరణ పెద్దాయనదే. పద్యం చదవగానే లేచి చందాల షీటు తెరిచాను. ఆ రోజు ఆకుపచ్చ ముక్కలన్నీ పోవాలని ఫోన్ల వరుస కూడా సంఖ్యలుగా మార్చేశాను. 08942తో మొదలయ్యే ల్యాండ్‌లైన్ నెంబర్లు 8942 అయి కూర్చున్నాయి. ఆ వరుసను మళ్లీ టెక్స్ట్ చేసి, పాత వాట్సాప్ మెసేజ్‌లు చూసుకుంటూ సున్నాలు ఒక్కొక్కటే వేస్తున్నాను. ఇంకా నాలుగు మిగిలాయి.