చెవినొప్పికి డాక్టరు చీటీ లేకుండా యాంటీబయాటిక్ అమ్మవచ్చా?

ఉప్పల్ తల్లి:
మా బాబుకు నాలుగేళ్లు. ఏడాదిలో రెండుసార్లు చెవినొప్పి వచ్చింది. రెండుసార్లూ మందుల దుకాణంలో అడిగి సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ సిరప్ తెచ్చి తాగించాను, తగ్గగానే ఆపేశాను. ఇప్పుడు మూడు వారాలుగా చీము కారుతోంది, అదే మందు పనిచేయడం లేదు. సెఫిక్సిమ్ 2014 మార్చి నుంచి హెచ్1 జాబితాలో, అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మి లెక్క రాయాల్సిన మందుల జాబితాలో ఉంది. డాక్టరు పేరు, రోగి పేరు రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. నన్ను ఒక్కసారీ ఎవరూ పేరు అడగలేదు. ఇలా అమ్మడం పూర్తిగా ఆపాలి.

మలక్‌పేట ఫార్మసిస్టు:
అమ్మా, రాత్రి పది గంటలకు ఏడుస్తున్న బిడ్డను ఎత్తుకొచ్చిన తల్లిని ఎలా పంపేయను? అప్పటికి బస్తీ దవాఖానా మూసేస్తారు. మరునాడు కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికి వెళ్తే కూలి పోతుంది. అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ కూడా చీటీ మీద ఇవ్వాల్సిన మందే. అయినా ఇచ్చిన రోజులున్నాయి, దాచను.

చెవి విభాగం నర్సు:
ఫార్మసిస్టు గారూ, ఆ రాత్రి బిడ్డకు కావలసింది నొప్పి తగ్గే మందు. పారాసిటమాల్ ఇచ్చి, పొద్దున చెవి చూపించమనండి. రెండేళ్లు దాటిన పిల్లల్లో, చీము, తీవ్ర జ్వరం లేకపోతే, ఈ నొప్పి చాలాసార్లు రెండు మూడు రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. ఆరు నెలల లోపు బిడ్డయినా, చెవి వెనుక వాచినా మాత్రం ఆగకూడదు.

ఉప్పల్ అమ్మగారూ, మొదటి రెండుసార్లు సిరప్ లేకున్నా తగ్గేదేమో. రెండు వారాలు దాటి చీము కారితే లెక్క వేరు. అందులో తరచూ కనిపించే సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా సెఫిక్సిమ్‌కు లొంగదు. శుభ్రమైన గుడ్డను వత్తిలా చుట్టి చెవి ఆరబెట్టాలి, డాక్టరు రాస్తే సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ చుక్కలు వేయాలి. కర్ణభేరికి చిల్లు ఉంటుంది కనుక చుక్కలు నేరుగా లోపలికి దిగుతాయి. తాగిన మందు చెవికి చేరేది కొద్దిగానే. ఈలోగా పేగుల్లో దానికి చావని సూక్ష్మజీవులే మిగిలి పెరుగుతాయి. వెల్లుల్లి వేసి కాచిన నూనె పోయకండి, దండం పెడతాను.

పటాన్‌చెరు వాసి:
సిప్రోఫ్లాక్సాసిన్ అనగానే ఆగలేకపోయాను. మందుల పరిశ్రమల వ్యర్థజలాలను శుద్ధి చేసే మా ఊరి కేంద్రం బయటికి వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఆ మందు ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రకటించారు. మందు వాడుతున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. తల్లుల సిరప్ సీసాలు లెక్కపెట్టేవారు ఆ నీటి లెక్క కూడా అడగాలి.

ఉప్పల్ తల్లి:
అడగాలి. అంతమాత్రాన దుకాణం తప్పు మాఫీ కాదు. రేపు కోఠి వెళ్తున్నాం. చీము పరీక్షకు పంపమని మేమే అడగవచ్చా?

చెవి విభాగం నర్సు:
తప్పకుండా అడగండి. ఇంతవరకు వాడిన సీసాలన్నీ పట్టుకెళ్లండి.