సుమతి పద్యం నాలుగో పాదం: తప్పించుకా? తప్పించకా?

బరంపురం టీచరమ్మ:
అందరికీ నమస్కారం. మా స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో ఈ వారం పాఠం ‘అభిప్రాయం చెప్పడం’. డిగ్రీ పిల్లలు. సగం మందికి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఐ థింక్, ఐ డోంట్ అగ్రీ దాటి గొంతు పెగలదు. అందుకని ఐ బెగ్ టు డిఫర్, ఐ సీ యువర్ పాయింట్ బట్, ఐయామ్ ఇన్‌క్లైన్డ్ టు థింక్ లాంటివి చెప్పిస్తున్నాను. ఎదుటివాణ్ణి నొప్పించకుండా, తన మాట వదులుకోకుండా మాట్లాడేవాణ్ణి ఇంగ్లీషులో ఏమంటారని ఒక పిల్ల అడిగింది. నాకు చప్పున సుమతి శతకంలోని ‘ఎప్పటి కెయ్యది ప్రస్తుత మప్పటి కా మాటలాడి యన్యుల మనముల్’ పద్యం నోటికొచ్చింది. ‘నొప్పింపక తా నొవ్వక’ అయ్యాక ‘తప్పించక తిరుగువాడు ధన్యుడు సుమతీ’ అన్నాను. వెనక బెంచీ నుంచి పర్లాకిమిడి అబ్బాయి ‘తప్పించుక, మేడమ్’ అన్నాడు. మా మామ్మ మాత్రం తప్పించక అనే చదివేది. ఏది సరి? అలాంటి మనిషికి సరైన ఇంగ్లీషు మాట ఏది? డిప్లమాటిక్? టాక్ట్‌ఫుల్? అసర్టివ్?

కందం ప్రియుడు:
తప్పించుక. ఇందులో చర్చకేముంది?

పర్లాకిమిడి పెద్దాయన:
ఉందండీ. అచ్చు పుస్తకాల్లో తప్పించుక, తప్పించుకు రెండూ కనబడతాయి. మా వైపు నోటి వాడుకలో ‘చుకు’ ఎక్కువ. ‘తీసుకు పోయాడు’ అంటాం గానీ ‘తీసుక పోయాడు’ అనం. అది తెలంగాణ, రాయలసీమల పలుకు. కాబట్టి ‘చుక’ పాఠం ఎటు నుంచి వచ్చిందో ఆలోచించాలి.

కందం ప్రియుడు:
పెద్దాయనా, పద్యం నోటి వాడుకలో రాయలేదు కదా. తప్పించుకొని అనేది కావ్యాల్లో తప్పించుక అవుతుంది. ‘చుకు’ తర్వాతివాళ్లు నాలుక తిరిగినట్టు మార్చుకున్నది.

గుణుపురం కుర్రాడు:
ఛందస్సు పెడితే తేలిపోదా? గణవిభజన ఎవరైనా చెయ్యండి.

కందం ప్రియుడు:
చేసే వచ్చాను తమ్ముడూ. తప్పిం – గగ, రెండు గురువులు. చుక తిరు – నల, నాలుగు లఘువులు. గువాడు – జగణం. ధన్యుడు – భ. సుమతీ – స. మూడో పాదంలోని మూడు గణాలతో కలిపి లెక్కిస్తే ‘గువాడు’ ఆరో గణం. ఆరోది నలమో జగణమో కావాలి, జగణం పడింది. యతి త–ధ, ఒకే వర్గం. కడిగిన ముత్యంలాంటి కందం. అయితే నీ ప్రశ్నకు జవాబు దొరకదు. ‘చుక’ పెట్టినా ‘చుకు’ పెట్టినా రెండూ లఘువులే. మేడమ్ గారి ‘చక’ కూడా రెండు లఘువులే. గణాలు మూడింటికీ సాక్ష్యం చెబుతాయి.

జయపురం లాయరు:
మూడు పార్టీలకూ సాక్ష్యం చెప్పే సాక్షిని మా కోర్టులో హోస్టైల్ అంటారు.

విజయనగరం విశ్రాంత:
క, కు సంగతి వదిలేయండి. అది ఉచ్చారణ తేడా. అసలు కీలకం టీచరమ్మ గారి ‘చ’లో ఉంది. పై పాదం చూడండి: నొప్పింపక, నొవ్వక. రెండూ వ్యతిరేకార్థాలు. వాటి వెంటనే ‘తప్పించక’ అంటే మూడో వ్యతిరేకం. నొప్పించడు, నొచ్చుకోడు, తప్పించుకోడు. ఒక్క అక్షరంతో మనిషి తిరగబడిపోయాడు! ‘చు’ పెడితే జారుకునేవాడు, ‘చ’ పెడితే నిలబడేవాడు. మామ్మ గారి పాఠం తేలిగ్గా తీసెయ్యకండి.

కందం ప్రియుడు:
మాష్టారూ, మీరంటే గౌరవం ఉంది, కానీ ఇది కుదరదు. నొప్పింపక అని ‘ప’తో రాసినవాడు పక్క పాదంలోనే తప్పించక అని ‘చ’ పెడతాడా? పెడితే ‘తప్పింపక’ అనాలి.

విజయనగరం విశ్రాంత:
నేను కూడా అదే అంటాను. అసలు పాఠం తప్పింపక అయి ఉంటుంది. గణాలకు అది కూడా సరిపోతుందని మీరు వెయ్యకముందే నేను లెక్క వేశాను. నొప్పింపక – తప్పింపక, వినండి ఎంత బాగుందో. లేఖకుడి చేతిలో పకారం చుకారమై ఉంటుంది.

పర్లాకిమిడి పెద్దాయన:
చెవికి బాగుంటే పాఠం అయిపోదు. తప్పింపక అంటే దేన్ని తప్పింపక? కర్మ ఏదీ? తప్పించుకొనుటలో ‘కొను’ ఉంది కనుక తనకు తాను అనే అర్థం వస్తుంది. మీకు కావలసిన వ్యతిరేకం ‘తప్పించుకొనక’. అది ఈ పాదంలో పట్టదు, రెండు మాత్రలు ఎక్కువ. ‘చుకొనక’ దగ్గరే నలం నిండిపోతుంది, ‘తిరు’ను ఎక్కడ పెడతారు?

విజయనగరం విశ్రాంత:
కర్మ పై పాదాల్లోనే ఉంది: ‘ఆ మాట’. ఆడిన మాట తప్పింపక.

పర్లాకిమిడి పెద్దాయన:
లాగుతున్నారు.

బరంపురం టీచరమ్మ:
నా ఇంగ్లీషు మాట సంగతి ఎవరూ ఎత్తడం లేదు.

జయపురం లాయరు:
నేను ఎత్తుతాను మేడమ్. ‘చుక’ పాఠమైతే ఈ మనిషి టాక్ట్‌ఫుల్ కూడా కాదు, ఇవేసివ్. ఇంకాస్త బరువైన మాట కావాలంటే టర్గివర్సేట్. లాటిన్‌లో టెర్గుం అంటే వీపు, వెర్టెరె అంటే తిప్పడం. వీపు తిప్పి తిరిగేవాడు. ‘తిరుగువాడు’ అని మనవాడూ అన్నాడు, చూశారా! ప్రివారికేట్ కూడా ఉంది. దానికి మూలం వంకరకాళ్లతో నడవడం. మాట దాటేసేవాళ్లందరినీ లాటినువాళ్లు నడక బట్టే పట్టుకున్నారు.

గుణుపురం కుర్రాడు:
సార్, టర్గివర్సేట్ ఇంటర్వ్యూలో వాడితే ఉద్యోగం వస్తుందా పోతుందా?

జయపురం లాయరు:
స్పెల్లింగు అడిగితే పోతుంది. వాడకు నాయనా, చదివినప్పుడు గుర్తుపట్టు చాలు. మేడమ్ గారు పిల్లలకు ఇంకోటి కూడా చెప్పాలి. విత్ డ్యూ రెస్పెక్ట్ అనగానే మర్యాద అనుకోకూడదు. మా కోర్టుల్లో ఉత్త రెస్పెక్ట్ అంటే ‘మీతో ఏకీభవించను’. గ్రేటెస్ట్ రెస్పెక్ట్ దాకా వెళ్లిందంటే ‘మీరు చెప్పింది శుద్ధ తప్పు’. గౌరవం పెరిగేకొద్దీ లోపల కారం పెరుగుతుంది.

కందం ప్రియుడు:
ఇందాక నేను ‘మీరంటే గౌరవం ఉంది, కానీ’ అన్నది ఆ ఉద్దేశంతో కాదు మాష్టారూ.

విజయనగరం విశ్రాంత:
అర్థమైందిలెండి.

రాయగడ రైల్వే:
ఒక్క మాట. అందరూ నాలుగో పాదం మీద పడ్డారు గానీ, తాళం మొదటి పాదంలో ఉంది. ‘ఎప్పటి కెయ్యది ప్రస్తుతము’. ప్రస్తుతం అంటే ఇప్పుడు మనకు ‘ఈ సమయంలో’ అని. పద్యంలో అది కాదు. ప్రస్తుతమంటే సందర్భంలో ఉన్నది, ప్రసక్తిలో ఉన్నది. అప్రస్తుత ప్రసంగం అంటున్నామంటే ఆ అర్థమే కదా. ఇంగ్లీషులో రెలవెంట్, పర్టినెంట్. అంటే ముందు ‘మాటలాడి’, ఆ తర్వాతే తప్పించుకోవడం. నోరు మూసుకున్నవాడు కాదు. చెప్పవలసింది చెప్పి, గొడవలోంచి తప్పుకున్నాడు. మాట దాటెయ్యడం వేరు, తగాదా దాటెయ్యడం వేరు. అలా చదివితే ‘చుక’ ఉన్నా మామ్మ గారి భావానికి భంగం లేదు. ఒడియాలో ఎడాయిబా, అంటే తప్పించుకోవడం, కూడా అంతే, గొయ్యి ఎడాయించినవాణ్ణి పిరికివాడనరు.

బరంపురం టీచరమ్మ:
ఇది నాకు పనికొస్తుంది. ఎడాయిబా అంటే మా పిల్లలకు ఇట్టే ఎక్కుతుంది. అవాయిడ్, ఇవేడ్ తేడా కూడా ఇక్కడే చెప్పెయ్యొచ్చు.

విజయనగరం విశ్రాంత:
బాగానే చెప్పారు రైల్వే గారూ, కానీ ఆ చదువులో ఓ ప్రమాదం ఉంది. ‘ప్రస్తుత’మైన మాట అనేసరికి, ఎవరికి నచ్చేది వాళ్ల దగ్గర చెప్పే మనిషి తయారవుతాడు. ‘అప్పటి కా మాటలాడి’ అన్నాడు కదా. గాలివాటం మనిషికి ధన్యుడని బిరుదా? నాకు మొదటి నుంచీ ఈ పద్యం మీద అనుమానమే. తిక్కన గారి కృష్ణుణ్ణి చూడండి. రాయబారి, మీ ఇంగ్లీషులో డిప్లమాట్. కౌరవసభలో నిలబడి ‘సారపు ధర్మమున్ విమల సత్యము’ అని ఎత్తుకుని, ‘దక్షు లెవ్వార లుపేక్ష సేసి రది వారల చేటగు’ అన్నాడు. చెయ్యగలిగి ఊరుకున్నవాళ్లకే చేటు అని, భీష్మద్రోణులు ఎదురుగా కూర్చుని ఉండగా. పేరు పెట్టలేదు, తిట్టలేదు, తప్పించుకోనూ లేదు. ఆ ‘దక్షులు’ అనే మాట దగ్గర ఆగి చదవండి. చేతకానివాళ్లను అనలేదు, చేతనైనవాళ్లనే పట్టుకున్నాడు. అభిప్రాయం చెప్పడం నేర్పాలంటే తిక్కన దగ్గర నేర్పాలి.

కందం ప్రియుడు:
తిక్కన అనేసరికి మాష్టారికి వేళాపాళా ఉండదు. ఒప్పుకుంటాను, ఆ పద్యానికి సాటి లేదు. కానీ ఉత్పలమాలలో కృష్ణుడు మాట్లాడటానికీ, కందంలో బద్దెన సంసారికి బుద్ధి చెప్పడానికీ పోలికేమిటి? కృష్ణుడికి వెనక సుదర్శనం ఉంది. సంసారికి వెనక పెళ్లాం పిల్లలున్నారు.

జయపురం లాయరు:
బద్దెన అని తీర్పు ఇచ్చేశారు! సుమతి కర్తృత్వం మీద ఇంకా వాదన నడుస్తూనే ఉంది.

కందం ప్రియుడు:
ఆ వాదన ఇక్కడ మొదలెట్టకండి, దండం పెడతాను.

పర్లాకిమిడి పెద్దాయన:
తప్పించుకు తిరగని మనిషి కావాలంటే తిక్కన దాకా ఎందుకు? మా ఊళ్లో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారు చాలరా? 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు, బతుకులో ఎక్కువ భాగం పర్లాకిమిడిలోనే. ఒక సవర గిరిజనుణ్ణి ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చింది. గ్రాంథికం రాయాలని పట్టుబట్టే పండితులకే గ్రాంథికం తప్పుల్లేకుండా రాయడం రాదని, వాళ్ల పుస్తకాల్లోంచే తప్పులు ఏరి చూపించారు. ఆ పుస్తకం పేరే ‘ఆంధ్రపండిత భిషక్కుల భాషాభేషజం’. నొప్పింపక అన్న ఊసే లేదు. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు కూడా అంతే, అసమ్మతి చెప్పి ఊరుకోలేదు, ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు.

గుణుపురం కుర్రాడు:
ఊరు వదిలి వెళ్లడం తప్పించుకోవడం కిందకి రాదా, తాతగారూ?

పర్లాకిమిడి పెద్దాయన:
నువ్వు ఏ ఊరు బాబూ?

గుణుపురం కుర్రాడు:
గుణుపురం అండి. ఊరికే అడిగాను.

పర్లాకిమిడి పెద్దాయన:
అది ప్రొటెస్ట్ బాబూ. పారిపోయినవాడు తలుపు చప్పుడు కాకుండా వేసుకుపోతాడు. ఆయన రాష్ట్రమంతా వినబడేలా వేసి వెళ్లారు.

రాయగడ రైల్వే:
పద్యానికి వద్దాం. గిడుగు వారైతే ‘చుకు’ అనే పలికేవారని పెద్దాయన ఉద్దేశం అనుకుంటాను.

పర్లాకిమిడి పెద్దాయన:
అవును. వాడుకలో ఉన్నదే ఒప్పు.

కందం ప్రియుడు:
గిడుగు వారు వాడుకభాష రాయమన్నారు గానీ పాత పద్యాలు దిద్దమనలేదు.

బరంపురం టీచరమ్మ:
రేపటి క్లాసుకి నేను ఇలా అనుకుంటున్నాను. టాక్ట్‌ఫుల్ అంటే చెప్పే తీరు. దాని మూలం లాటిన్‌లో తాకడం, తాకీ తాకనట్టు చెప్పడం. డిప్లమాటిక్‌లో కాస్త లెక్క ఉంటుంది, మనకు కావలసింది మన దగ్గర దాచుకుంటాం. అసర్టివ్ అంటే నా మాట నేను వదలను, నీ మాటా తొక్కను. పిల్లలు దీన్ని అగ్రెసివ్‌తో కలిపేస్తారు, గొంతు పెంచితే అసర్టివ్ అనుకుంటారు. నొప్పింపక అంటే టాక్ట్‌ఫుల్, తా నొవ్వక అంటే అసర్టివ్ అని బోర్డు మీద చెరో పక్క రాస్తాను. నాలుగో పాదానికి మాత్రం గీత గీసి వదిలేస్తాను, మీరంతా తేల్చేదాకా.

విజయనగరం విశ్రాంత:
తా నొవ్వక అంటే అసర్టివ్ ఎలా అవుతుందమ్మా? నొవ్వక అంటే మనసుకు తీసుకోకుండా ఉండటం. థిక్ స్కిన్డ్ అంటారే, అది.

జయపురం లాయరు:
థిక్ స్కిన్డ్ మా వృత్తికి పెట్టండి, ధన్యుడికి వద్దు.

రాయగడ రైల్వే:
‘తాను నొవ్వక’ అంటే తన మాట తనకే నొప్పి తెచ్చుకోకుండా అని కూడా చదవొచ్చు. అప్పుడు మేడమ్ గారిది సరిపోతుంది.

విజయనగరం విశ్రాంత:
చదవొచ్చు, చదవకపోవచ్చు.

గుణుపురం కుర్రాడు:
మాష్టారూ, ఇదే ఇంగ్లీషులో నాన్‌కమిటల్.

కందం ప్రియుడు:
కుర్రాడు పాస్. మాష్టారూ, ఇంతకీ మీ ‘తప్పింపక’కు తాళపత్రం ఏదైనా చూశారా, లేక చెవి సాక్ష్యమేనా?

విజయనగరం విశ్రాంత:
చెవి కూడా సాక్ష్యమే. మామ్మ గారి నోరు అంతకంటే పెద్ద సాక్ష్యం. బరంపురంలో ఆ వయసు వాళ్లు ఇంకెవరైనా ‘చక’ అంటారేమో కనుక్కోండమ్మా. నాలుగు నోళ్లలో దొరికితే అది పాఠాంతరమే.

బరంపురం టీచరమ్మ:
మా వీధిలో అడుగుతాను మాష్టారూ. ఒక పెద్దావిడ మాత్రం ఇప్పటికే ‘తప్పించుకోని తిరుగువాడు’ అని మూడో దారి చూపించారు.

కందం ప్రియుడు:
గణభంగం.

పర్లాకిమిడి పెద్దాయన:
అవన్నీ సరే. ఇందరు పండితులున్నారు, ‘తిరుగువాఁడు’, ‘ధన్యుఁడు’ దగ్గర అరసున్నలు ఎవరు మింగేశారు? కందం ప్రియుడు గారు గణాలు వేసిన చోట కూడా లేవు.

కందం ప్రియుడు:
వాడుకలో లేనిదాన్ని పెట్టమని అడుగుతున్నది గిడుగు వారి ఊరి మనిషా!