సగం శిక్షణతో ప్రో లైసెన్స్: ఇప్పుడే తీసుకోవాలా, ఆగాలా?

మూడుముక్కలాట
అందరికీ నమస్తే. నాకు 31 ఏళ్లు, ఐదేళ్లుగా ట్రయాథ్లాన్‌లో ఏజ్ గ్రూప్‌లో (వయసుల వారీగా ఉండే అమెచ్యూర్ విభాగం) పోటీ చేస్తున్నాను. పోయిన సీజన్‌లో ఒక 70.3 రేసులో (1.9 కి.మీ. ఈత, 90 కి.మీ. సైకిల్, 21.1 కి.మీ. పరుగు) అమెచ్యూర్లందరిలోనూ మొదటివాడిగా వచ్చాను. ఆ ఫలితంతో ప్రో లైసెన్స్‌కి (ప్రొఫెషనల్స్‌తో పోటీపడే అనుమతి) అర్హత దొరికింది. ఈ సీజన్ లోపు తీసుకోకపోతే ఆ అర్హత పోతుంది, మళ్లీ సంపాదించుకోవాలి.

చిక్కేమిటంటే, చలికాలంలో పిక్క కండరం చిట్లి పది వారాలు పరుగు మానేశాను. ఇప్పుడు మొదలుపెట్టినా ఆఫీసు పని వల్ల వారానికి ఏడు గంటలకు మించి కుదరడం లేదు. ఆ ఫలితం వచ్చిన రోజుల్లో పద్నాలుగు గంటలు చేసేవాడిని. ఈ సీజన్‌లో దిగాల్సిన రేసుకి ఇంకా ఆరు వారాలే ఉంది. ప్రోగా దిగాలా, లేక ఇది ఏజ్ గ్రూప్‌లో చేసేసి లైసెన్స్ సంగతి మర్చిపోవాలా? కోచ్ ఒకటి చెప్తున్నారు, మా ఆవిడ ఇంకోటి చెప్తోంది. నాకైతే రెండూ నిజమే అనిపిస్తున్నాయి.

ఎదురుగాలి
దిగు బ్రదర్, ఇందులో ఆలోచించేదేముంది? క్రిస్సీ వెల్లింగ్టన్ 2006లో అమెచ్యూర్ ప్రపంచ టైటిల్ గెలిచింది. 2007లో ప్రో అయింది. అదే ఏడాది అక్టోబర్‌లో హవాయిలోని కోనాలో ఐరన్‌మ్యాన్ ప్రపంచ చాంపియన్. అంతకుముందు ఆమె చేసిన ఫుల్ ఐరన్‌మ్యాన్ (70.3కి రెట్టింపు దూరం) ఒకే ఒక్కటి, అదీ రెండు నెలల ముందు. "పూర్తిగా సిద్ధమయ్యాక చూద్దాంలే" అనుకుని ఉంటే ఆమె పేరు మనకు తెలిసేదా? ఆలస్యం అమృతం విషం.

స్టాప్‌వాచ్
నిదానమే ప్రధానం అని కూడా ఉంది. సామెతలతో వాదిస్తే రెండు పక్షాలకూ సరిపడా దొరుకుతాయి.

నేను కోచ్‌ని. వెల్లింగ్టన్ ఉదాహరణ ఎవరు ఎత్తినా నాకు చిరాకు, ఎందుకంటే అందరూ సగమే చెప్తారు. ఆమె ప్రభుత్వ ఉద్యోగం వదిలేసి, బ్రెట్ సట్టన్ అనే కఠినమైన కోచ్ దగ్గర చేరి, ఆ కొన్ని నెలలూ పొద్దస్తమానం అదే పనిగా శిక్షణ తీసుకుంది. ఆమెకు లేనిది అనుభవం. శిక్షణ కాదు. మన మిత్రుడి సంగతి తిరగేసి ఉంది: ఐదేళ్ల అనుభవం ఉంది, శిక్షణ లేదు. అనుభవం లేకపోతే రేసులో పొరపాట్లు చేస్తారు, అవి అక్కడికక్కడ నేర్చుకోవచ్చు. శిక్షణ లేకపోతే పరుగులో 15వ కిలోమీటరు దగ్గర కాళ్లు ఆగిపోతాయి, అక్కడ నేర్చుకునేదేమీ ఉండదు.

నీళ్లంటేభయం
నేను మూడు సీజన్లు ప్రోగా చేసి మళ్లీ ఉద్యోగంలో పడ్డవాడిని. పేరు చూశారుగా, ఈతే నా కొంప ముంచింది. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఏజ్ గ్రూప్‌లో శిక్షణ తక్కువైనా పరవాలేదు. ఎందుకంటే అక్కడ వేగం నీ చేతిలో ఉంటుంది. రోలింగ్ స్టార్ట్‌లో (కొద్దికొద్దిమందిగా వదులుతారు) నువ్వు నీళ్లలో దిగిన క్షణం నుంచే నీ గడియారం మొదలవుతుంది. ఈత మెల్లగా చేసినా చుట్టూ నీలాంటివాళ్లు వందల మంది. సైకిల్ తొక్కే బలంలో పది వాట్లు తగ్గించుకున్నావనుకో, నష్టం ఆ పది వాట్లదే.

ప్రో స్టార్ట్‌లో ముప్పయ్యో నలభయ్యో మంది ఉంటారు, అందరూ ఒకే తుపాకీ శబ్దానికి దూకుతారు. మొదటి రెండు మూడు వందల మీటర్లు స్ప్రింటే. ఆ గుంపు కాళ్ల వెనకాల ఉండగలిగితే వాళ్లు చీల్చిన నీళ్లలో నువ్వు తక్కువ శ్రమతో ఈదుతావు. ఒక్క రెండు మీటర్లు జారిపోయావా, ఇక అంతే. ఒంటరిగా ఈదాలి. బయటికొచ్చేసరికి ముందు సైకిళ్లు కనపడవు. డ్రాఫ్టింగ్ (ముందువాడి వెనకే అంటుకుని గాలి తప్పించుకోవడం) నిషేధం అంటారు కానీ, నియమం ప్రకారం దూరం పాటించినా వరుసలో ఉన్నవాడికి గాలి కొంత తగ్గుతుంది, అంతకన్నా ముఖ్యంగా ముందువాడి వేగం చూసి మనసు నిలబడుతుంది. ఒంటరివాడికి రెండూ లేవు. అంటే ఈతలో ఒక నిమిషం తక్కువైతే సైకిల్ అయ్యేసరికి ఆ నిమిషం నాలుగవుతుంది. శిక్షణ లోటుకి ప్రో రేసు వడ్డీ వేస్తుంది.

నా మొదటి ప్రో రేసులో 400 మీటర్ల దగ్గర గుంపు తప్పాను. 90 కిలోమీటర్లూ నేనూ, అప్పుడప్పుడూ దాటి వెళ్లే రిఫరీ మోటార్ సైకిలూ. చివరి నుంచి మూడో స్థానం. పోయిన ఏడు అదే రోడ్డు మీద ఏజ్ గ్రూప్‌లో జనం చప్పట్లు కొట్టారు. ఆ రోజు చప్పట్లు కొట్టాల్సినవాళ్లు ఇంకా లేచినట్టు లేరు!

ఒకటి అడుగుతాను. నీ 1.9 కి.మీ. ఈత టైమ్ ఎంత? వెట్‌సూట్‌తోనా (నీళ్లలో తేల్చే రబ్బరు సూట్), లేకుండానా? రేసు రోజు నీళ్ల ఉష్ణోగ్రత ఎంత ఉండొచ్చు?

మూడుముక్కలాట
28 నిమిషాలు అన్నా, వెట్‌సూట్‌తో. పోయిన ఏడు నీళ్లు 23 డిగ్రీలు ఉన్నాయి.

నీళ్లంటేభయం
అనుకున్నా. ఐరన్‌మ్యాన్ నియమాల్లో ఏజ్ గ్రూప్‌వాళ్లకి 24.5 డిగ్రీల వరకు వెట్‌సూట్ ఉంది. ప్రోలకి 21.9 దాటితే లేదు. అదే చెరువు, అదే పొద్దు, నువ్వు మాత్రం తేల్చే రబ్బరు లేకుండా దిగాలి. ఈతగాళ్లుగా పుట్టినవాళ్లకి అది పెద్ద తేడా కాదు, మనలాంటి కాళ్లు మునిగేవాళ్లకే దెబ్బ. నీ 28 కాస్తా 30 అనుకో. ముందు గుంపు 23, 24 నిమిషాల్లో బయటికొచ్చేస్తుంది.

పడవవాడు
రేసుల్లో ఈత దగ్గర కయాక్ మీద సహాయానికి ఉంటాను. ఒక్క మాట. ట్రయాథ్లాన్‌లో ప్రాణాలు పోయే సందర్భాలు ఎక్కువగా ఈతలోనే జరుగుతాయి, సైకిల్ మీద కాదు. దమ్ము చాలకపోయినా "ప్రో కదా, సాయం కోసం చెయ్యెత్తితే ఏమనుకుంటారో" అని సాగదీసేవాళ్లని చూశాను. పడవ పట్టుకుని ఊపిరి తీసుకోవచ్చు, దాంతో ముందుకు కదలకుండా ఉంటే చాలు, అది నియమమే.

పిక్కలడాక్టరమ్మ
ఫిజియోథెరపిస్టుని. తమ్ముడూ, ఈత టైమ్ కన్నా నాకు ఆ పిక్క గురించే బెంగ.

శిక్షణ మానేస్తే మొదటి రెండు వారాల్లోనే రక్తంలో ప్లాస్మా తగ్గి గుండె వేగం పెరుగుతుంది. కానీ అది తిరిగి కూడా త్వరగానే వస్తుంది. నీలా ఏళ్ల తరబడి చేసినవాళ్లకి ఐదారు వారాల్లో "అబ్బ, పాత ఫామ్‌లోకి వచ్చేశాను" అనిపిస్తుంది. ప్రమాదం అక్కడే. గుండె, ఊపిరితిత్తులు ముందు సిద్ధమవుతాయి. కండరం ఆ తర్వాత. స్నాయువులకీ ఎముకలకీ నెలలు పడుతుంది. ఇంజిన్ కొత్తది, చక్రాలు పాతవి అనుకో. నా దగ్గరికి వచ్చే స్ట్రెస్ ఫ్రాక్చర్లలో (ఎముకలో సన్నటి పగుళ్లు) చాలావరకు ఒంట్లో బాగాలేనప్పుడు వచ్చినవి కావు. బాగున్నానని అనిపించిన నెలలో వచ్చినవి.

రెండో మాట. ఏడు గంటల శిక్షణకి తగ్గట్టు తింటూ, ప్రోలా సన్నగా కనపడాలని తిండి ఇంకా తగ్గించుకోకు. అది మొదలుపెడితే పిక్కతో ఆగదు.

పరుగు ఇప్పుడు వారానికి ఎంత?

మూడుముక్కలాట
22 కి.మీ. అక్కా. ఎక్కువలో ఎక్కువ ఒకేసారి 10. నొప్పి లేదు. పొద్దున లేవగానే కొంచెం బిగుతుగా ఉంటుంది, పది అడుగులేస్తే పోతుంది.

పిక్కలడాక్టరమ్మ
"పది అడుగులేస్తే పోతుంది" అన్నది నొప్పి లేదనడానికి రుజువు కాదు నాన్నా.

ఎదురుగాలి
అందరూ కలిసి మనిషిని భయపెట్టేస్తున్నారు. జూలీ మాస్ సంగతేంటి? 1982లో కాలేజీ ప్రాజెక్టు కోసం, అరకొర శిక్షణతో హవాయి ఐరన్‌మ్యాన్‌కి వెళ్లింది. మారథాన్‌లో చాలాసేపు ముందుంది. చివర్లో కాళ్లు పడిపోయి, పాకుకుంటూ గీత దాటింది. 29 సెకన్ల తేడాతో రెండో స్థానం. టీవీలో అది చూసి ఈ ఆటలోకి వచ్చినవాళ్లలో మార్క్ ఆలెన్ ఒకడు. తర్వాత ఆయన అదే రేసు ఆరుసార్లు గెలిచాడు! సగం శిక్షణతో దిగిన ఒకమ్మాయి వల్ల ఈ ఆట ఇంతైంది.

స్టాప్‌వాచ్
ఆమె ధైర్యానికి దండం పెడతాను. కానీ ఆమె పాకింది చూసి "శిక్షణ లేకపోయినా పరవాలేదు" అనుకోవడం ఎలా కుదురుతుందయ్యా? శిక్షణ లేకపోతే ఏమవుతుందో కదా ఆ వీడియో చూపించేది. పైగా అప్పటి పోటీ వేరు, ఇప్పటిది వేరు. కోనాలో 2024లో ప్యాట్రిక్ లాంగె 7 గంటల 35 నిమిషాల 53 సెకన్లలో ముగించాడు. మొదటి ఐరన్‌మ్యాన్ 1978లో గెలిచిన గోర్డన్ హాలర్‌కి 11 గంటల 46 నిమిషాలు పట్టింది.

నీళ్లంటేభయం
అటువైపు మాట కూడా ఒకటి చెప్పాలి. శిక్షణ ఎక్కువైనా కూలిపోతారు. 1995 కోనాలో పౌలా న్యూబీ-ఫ్రేజర్, అప్పటికే ఏడుసార్లు గెలిచిన మనిషి, గమ్యం ఇంకా కొన్ని వందల మీటర్లుండగా రోడ్డు మీద కూలబడింది. చాలాసేపటికి లేచి నడిచి నాలుగో స్థానంలో ముగించింది. మరుసటి ఏడాది వచ్చి ఎనిమిదోసారి గెలిచింది. కాబట్టి గంటల లెక్క ఒక్కటే చూసి తేల్చలేం. నేను లోటు గురించి చెప్పింది ప్రో గుంపులో అది ఎలా పెరుగుతుందనే.

వరుసలో_వెనక
నాది ఇంకో బాధ. నేను ఏజ్ గ్రూప్‌లో ఎప్పుడూ నాలుగో ఐదో వస్తుంటాను. ప్రో అర్హత ఉన్నవాళ్లు "ఇంకా సిద్ధంగా లేను" అంటూ ఏళ్ల తరబడి మా పోడియం మీదే నిలబడుతున్నారు. పైకి వెళ్లే హక్కు వచ్చాక కింద గెలుస్తూ కూర్చోవడం న్యాయమేనా? శిక్షణ తక్కువైతే ప్రోలో ఆఖరున వస్తారు, అంతేగా. మేమూ ఆఖరున వచ్చినవాళ్లమే, ఏమీ కాలేదు.

స్టాప్‌వాచ్
అది సరైన పాయింటే, ఒప్పుకుంటాను. కానీ ఆ తలుపు ఒకవైపే తెరుచుకుంటుందని మర్చిపోకండి. ప్రోగా దిగాక నచ్చలేదని అదే ఏడాది ఏజ్ గ్రూప్‌లోకి తిరిగి రావడం మామూలుగా కుదరదు. కిందనుంచి పైకి మాత్రం సీజన్ మధ్యలోనైనా వెళ్లొచ్చు. అందుకే నా సలహా: ఈ రేసు వదిలేయి, లేదా ఏజ్ గ్రూప్‌లో వేగం పట్టించుకోకుండా చేయి. లైసెన్స్ సీజన్ చివర్లో తీసుకో.

వరుసలో_వెనక
"వేగం పట్టించుకోకుండా" చేసి మళ్లీ మమ్మల్ని ఓడిస్తాడు. చూస్తూ ఉండండి.

ఎదురుగాలి
డబ్బు సంగతి ఎవరూ మాట్లాడరేం? ప్రో అయితే ప్రైజ్ మనీ ఉంటుంది.

నీళ్లంటేభయం
నవ్వించకు తమ్ముడూ. కోనా విజేతకి 1,25,000 డాలర్లు, నిజమే. మామూలు 70.3లో డబ్బు మొదటి కొద్దిమందికే. మూడు సీజన్లలో నాకు వచ్చిన మొత్తం ప్రైజ్ మనీతో ఒక జత మంచి చక్రాలు కొన్నాను. ఒక్కటే జత. అందులోనూ వెనక చక్రం మా నాన్న డబ్బు.

మూడుముక్కలాట
రెండు రోజులుగా ఇవన్నీ చదువుతూనే ఉన్నాను. ఎక్కువమంది వద్దన్నారు. కారణాలు బాగున్నాయి, ముఖ్యంగా వెట్‌సూట్ లెక్క నేను అసలు ఆలోచించలేదు.

అయినా నిన్న రాత్రి లైసెన్స్ ఫారం పంపేశాను. కోప్పడకండి. గెలవడానికి కాదు, ఆఖరున వచ్చినా సరే ఆ గుంపులో ఎలా ఉంటుందో తెలుసుకోవాలని. రేసుకి పది రోజుల ముందు అక్క చెప్పినట్టు పిక్కకి పరీక్ష: ఒంటికాలి మీద 25 సార్లు మడమ పైకెత్తాలి, 16 కి.మీ. పరుగు మర్నాడు బిగుతు ఉండకూడదు. రెంట్లో ఏది తప్పినా స్టార్ట్ లైన్‌కి వెళ్లను. రేసులో నొప్పి వస్తే సైకిల్ అయ్యాక ఆపేస్తానని మా ఆవిడకి మాటిచ్చాను. ఉన్న ఏడు గంటల్లో నాలుగు ఈతకే పెడుతున్నాను, వెట్‌సూట్ లేకుండా.

పిక్కలడాక్టరమ్మ
ఆ పరీక్షలు నేను చెప్పలేదు, నువ్వే కల్పించావు! పోనీలే, చెడ్డవేం కావు. కానీ 16 కి.మీ. ఒకేసారి పెట్టకు. పది, పన్నెండు, పద్నాలుగు అంటూ వెళ్లు. మధ్యలో ఒక వారం తగ్గించు.

స్టాప్‌వాచ్
నాకు నచ్చలేదు. ఫలితం మాత్రం వచ్చి ఇక్కడే రాయి, మంచైనా చెడైనా.

వరుసలో_వెనక
నాకు చాలా నచ్చింది. ఆల్ ది బెస్ట్.

ఎదురుగాలి
ఇక వెట్‌సూట్‌తో నీకు పనిలేదుగా. సైజు ఎంత?