స్ట్రోబ్ బొమ్మ గెంతుతోంది, జిట్టర్ నిలవడం లేదు: తేడా మిషన్‌దా, గొంతుదా?

ప్రశ్న:
40 ఏళ్ల టీచరు. ఆరు నెలలుగా బొంగురు, సాయంత్రానికి మాట గాలిగా పోతోంది. రిజిడ్ స్కోపులో స్వరతంత్రుల ముందు మూడో వంతు దగ్గర ఉబ్బు ఉంది. స్ట్రోబ్ (మెరిసే లైటుతో తంత్రుల కంపనాన్ని నెమ్మదిగా చూపే పరికరం) వేస్తే బొమ్మ నింపాదిగా కదలదు, ఎగిరెగిరి పడుతోంది. ప్రాట్ అనే గొంతు విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లో జిట్టర్ (ఒక్కో కంపనానికి పట్టే సమయంలో తేడా) మూడుసార్లు తీస్తే 1.9, 4.2, 7.6 శాతం. ఈజీజీ (మెడ మీది ఎలక్ట్రోడ్లతో తంత్రుల తాకిడిని కొలిచే పరికరం) గీత సన్నగా, పైకీ కిందకీ తేలుతోంది. రిపోర్టులో ఏ అంకె రాయాలి?

జవాబు 1 (స్పీచ్ పాథాలజిస్ట్):
ఏ అంకే రాయకండి, ఇంకా ఆ దశకు రాలేదు. ఆవిడ తంత్రులు సెకనుకు సుమారు 200 సార్లు కంపిస్తాయి. స్ట్రోబ్ వాటిని ఒక్కొక్కటిగా చూపదు. గొంతు ఫ్రీక్వెన్సీకి ఒకటీ ఒకటిన్నర హెర్ట్జ్ తేడాతో లైటు కొడుతూ, వేర్వేరు కంపనాల నుంచి ఒక్కో ముక్క ఏరి వరసగా పేరుస్తుంది. కంపనాలన్నీ ఒకే తీరున ఉంటేనే ఆ వరస కుదురుతుంది.

ముందు మీరే 'ఈ' అని నిలిపి చూడండి. మీ బొమ్మ సాఫీగా వస్తే మిషన్ బాగున్నట్టే. తర్వాత ఆవిడ మెడ మీది మైకు సర్ది, తెర మీద ఫ్రీక్వెన్సీ అంకె ఎలా ఉందో గమనించండి.

జిట్టర్ సంగతికొస్తే, టిట్జ్ 1995లోనే గొంతు సిగ్నళ్లను మూడు రకాలుగా విడదీశారు. దాదాపు క్రమంగా ఉండేది మొదటి రకం. జిట్టర్, షిమ్మర్ (కంపనాల బలంలో తేడా) దానికే పనికొస్తాయి. సబ్‌హార్మోనిక్స్ (గొంతు ఫ్రీక్వెన్సీలో సగం లాంటి చోట్ల వచ్చే అదనపు ధ్వనులు) ఉంటే రెండో రకం, క్రమమే లేకపోతే మూడోది. 5 శాతం దాటిన జిట్టర్‌ను నమ్మకూడదు. ప్రాట్‌లో స్పెక్ట్రోగ్రామ్ (ఏ క్షణంలో ఏ ఫ్రీక్వెన్సీలు ఉన్నాయో చూపే చిత్రం) విండో మామూలుగా 0.005 సెకన్లు ఉంటుంది, దాన్ని 0.05 చేసి 0–2000 హెర్ట్జ్ వరకు చూడండి. హార్మోనిక్ గీతల నడుమ అదనపు గీతలుంటే అది రెండో రకం.

జవాబు 2 (ఈజీజీ గురించి మాత్రమే):
మెడను స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి. జెల్ పలచగా రాయాలి. రెండు ఎలక్ట్రోడ్ల మధ్య జెల్ కలిసిపోతే కరెంటు చర్మం మీదుగానే దాటిపోతుంది. థైరాయిడ్ మృదులాస్థికి అటొకటి, ఇటొకటి పెట్టి, 'మ్' అనిపిస్తూ రెండు మూడు మిల్లీమీటర్లు పైకీ కిందకీ జరిపి, గీత పెద్దదయ్యే చోట బిగించండి. ఆడవాళ్లలో ఆ మృదులాస్థి కోణం సుమారు 120 డిగ్రీలు, మగవాళ్లలో 90. అందుకే ఆడవాళ్ల సిగ్నల్ మామూలుగానే చిన్నది. మెడకు పట్టిన గొలుసులు తీయించండి. మంగళసూత్రం కిందికే వేలాడుతుంది కాబట్టి తీయమనక్కర్లేదు, ఎలక్ట్రోడ్ల పట్టీకి తగలకుండా చూస్తే చాలు.

గీత తేలడం స్వరపేటిక పైకీ కిందకీ కదలడం వల్ల. 20 హెర్ట్జ్ హైపాస్ ఫిల్టర్ (అంతకంటే నెమ్మది కదలికలను ఆపేది) చాలు, అంతకంటే పెంచితే అల ఆకారమే మారిపోతుంది.

అసలు సంగతి: ఈజీజీ కొలిచేది తంత్రుల తాకిడిని. తెరుచుకున్న సందు ఎంతో అది చెప్పలేదు. ఒకసారి గట్టిగా, కింది శ్రుతిలో 'ఆ' అనిపించండి. గీత పెరిగితే ఎలక్ట్రోడ్లు సరైన చోటే ఉన్నాయి, మామూలు మాటలో తంత్రులే సరిగా తాకడం లేదు. అప్పుడు కాంటాక్ట్ కోషంట్ (ఒక్కో కంపనంలో తంత్రులు తాకి ఉండే సమయం వాటా) ఇవ్వొద్దు. ఇచ్చిన రోజు మాత్రం తాకినట్టు లెక్కించే గీటు అల ఎత్తులో 25 శాతం దగ్గర పెట్టారో 35 దగ్గర పెట్టారో తప్పక రాయండి, రెంటికీ వచ్చే విలువలు వేరు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలండీ. నా బొమ్మ సాఫీగా ఉంది. ఆవిడ అంకె 208, 104 మధ్య గెంతుతోంది, మైకు సర్దినా అంతే. 104 దగ్గర గీత కూడా కనబడింది. గట్టిగా అంటే ఈజీజీ పెరిగింది.

జవాబు 3 (ఈఎన్‌టీ):
అయితే పక్కపక్క కంపనాలు రెండూ ఒకేలా లేవు. సాఫ్ట్‌వేర్ ఒకసారి ఒక కంపనాన్ని, ఒకసారి జంటను లెక్కపెడుతోంది; మీ జిట్టర్ అందుకే నిలవలేదు.

ఇక తేల్చాల్సింది ఆ ఉబ్బు నాడ్యూలా (రాపిడితో వచ్చే బొడిపె), సిస్టా (పొర కింది తిత్తి) అన్నది. నాడ్యూల్స్ సాధారణంగా రెండు వైపులా ఉంటాయి, మూసుకున్నప్పుడు సందు ఇసుక గడియారంలా కనిపిస్తుంది, తంత్రుల పైపొర మీద సాగే అల చాలావరకు నిలుస్తుంది. సిస్ట్ మీద ఆ అల మందగిస్తుంది లేదా ఆగుతుంది. పై శ్రుతిలో, మెల్లగా 'ఈ' అనిపిస్తే చిన్న బిరుసుతనం కూడా బయటపడుతుంది. స్ట్రోబ్ పట్టకపోతే సెకనుకు 4000 ఫ్రేముల కెమెరా కావాలి. 200 హెర్ట్జ్ గొంతుకు కంపనానికి 20 ఫ్రేములు దక్కుతాయి. ష్వెట్స్, షుట్టె 1996లో ప్రచురించిన వీడియోకైమోగ్రఫీ ఒకే అడ్డగీతను సెకనుకు దాదాపు 8000 సార్లు చూస్తుంది, క్రమం లేని కంపనమూ అందులో దొరుకుతుంది. ఏ పద్ధతిలో చూసినా ఒకవైపు ఒక ముక్క బిగుసుకుపోయి అసలు కదలకపోతే మాత్రం థెరపీతో సరిపెట్టకండి, వెంటనే మా దగ్గరికి పంపండి.

జవాబు 1 (మళ్లీ):
జిట్టర్ బదులు సీపీపీ (సెప్‌స్ట్రల్ పీక్ ప్రామినెన్స్, గొంతు ధ్వనిలో క్రమం ఎంత స్పష్టంగా ఉందో చెప్పే కొలత) తీయండి, దానికి కంపనాలను విడివిడిగా లెక్కపెట్టే పని లేదు. వాక్యంలో పరుషాలు లేకుండా చూడండి: 'మా ఊరి గుడి మీద జెండా ఎగిరింది' చదివించవచ్చు. మైకు నోటి పక్కగా 5 సెంటీమీటర్ల దూరంలో, 44.1 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలుగా. వాట్సాప్ వాయిస్ నోట్ పనికిరాదు. గట్టిగా మాట్లాడితే సీపీపీ పెరుగుతుంది, కాబట్టి డెసిబెల్ స్థాయి కూడా పక్కన రాసిపెట్టండి. థెరపీ తర్వాత అదే వాక్యం, అదే దూరం.